ఒళ్ళు చూసుకోవడం స్వార్థమా?



ఈసారి షుగరు, బీపీ గురించి మాట్లాడుకుందాం. ధమ్మం పుస్తకంలో డాక్టరు మాటలేంటని మీకు అనిపించవచ్చు. ఎందుకో ముందు చెబుతాను.

మా పేటలో ఒక పెద్దాయన ఉన్నారు. ఆదివారం వందన ఆయన గొంతుతోనే మొదలవుతుంది. త్రిశరణం, పంచశీల చెప్పించేది ఆయనే. ఆయనకు పన్నెండేళ్ళుగా షుగరుంది. రెండేళ్ళ కిందట కొత్త చెప్పు కరిచి కాలి బొటనవేలి పక్కన బొబ్బ లేచింది. నొప్పి తెలియలేదు కాబట్టి ఆయన పట్టించుకోలేదు. అప్పటికే మాత్రలు మానేసి కొన్ని నెలలైంది. "ఎందుకు మానేశారు పెద్దయ్యా?" అని అడిగితే నవ్వి, "అంతా అనిత్యమే కదరా! ఎప్పటికైనా పోయే ఒంటికి రోజూ బిళ్ళలు మింగుతూ కూర్చోవాలా?" అన్నారు.

మూడు వారాల్లో పుండు నల్లబడింది. ఆసుపత్రిలో రెండు వేళ్ళు తీసేశారు. చూడ్డానికి వెళ్తే మంచం మీద పడుకుని, "నా ఖర్మరా ఇది" అన్నారు. పక్కనే స్టూలు మీద కూర్చున్న పెద్దమ్మ ఊరుకోలేదు. "ఖర్మ లేదు, గిర్మ లేదు. అంతా ఆయన తప్పే. చెప్తే వినలేదు" అంది.

ఒక్క పుండుకు మూడు జవాబులు వచ్చాయి: అనిత్యం, ఖర్మ, నీ తప్పే. ఇంటికి వచ్చాక కూడా ఆ మూడు మాటలూ నన్ను వదల్లేదు. మీ ఇంట్లో, మీ పేటలో ఎవరికి జబ్బు చేసినా ఈ మూడింట్లో ఏదో ఒకటి వినబడుతుంది. వీటిలో ధమ్మం ఒప్పుకునే మాట ఏది? ఒకటి కూడా కాదని నేను అనుకుంటున్నాను. ఎందుకు కాదో మీతో కలిసి చూడాలనే ఇది రాస్తున్నాను.

ఖర్మ అనే పాత మాట

ముందు ఖర్మ సంగతి చూద్దాం. మనల్ని ఎక్కువ కాలం కట్టేసింది ఆ మాటే కదా.

బుద్ధుడు రాజగృహంలో వేణువనంలో ఉన్నప్పుడు శీవకుడనే పరివ్రాజకుడు వచ్చి ఒక ప్రశ్న వేశాడు. మనిషి అనుభవించే సుఖదుఃఖాలన్నీ వెనక చేసిన కర్మ వల్లే వస్తాయని కొందరు అంటున్నారు, మీరేమంటారు అని అడిగాడు. దానికి బుద్ధుడు ఇచ్చిన జవాబు సంయుత్త నికాయంలో ఉంది. కొన్ని బాధలు పిత్తం వల్ల వస్తాయి. కొన్ని కఫం వల్ల, కొన్ని వాతం వల్ల, కొన్ని ఆ మూడూ కలవడం వల్ల. కొన్ని రుతువుల మార్పు వల్ల, కొన్ని ఒంటిని సరిగా చూసుకోకపోవడం వల్ల, కొన్ని దెబ్బలు తగలడం వల్ల వస్తాయి. ఎనిమిదోదిగా, ఆఖరున కర్మను చెప్పాడు. అంతా కర్మే అనేవాళ్ళు తాము స్వయంగా తెలుసుకోగలిగిన దాన్నీ, లోకం నిజమని ఎరిగిన దాన్నీ దాటి మాట్లాడుతున్నారని, అది తప్పని తేల్చాడు.

ఆ వాత పిత్త కఫాల లెక్క ఆనాటి వైద్యానిది. ఈనాటి వైద్యం వేరే కారణాలు చెబుతుంది. అయినా బుద్ధుడు వెళ్ళిన దారిని గమనించండి. జబ్బు వస్తే కారణం ఒంట్లో వెతకు, గాలిలో వెతకు, తిండిలో వెతకు, అలవాట్లలో వెతకు అన్నాడు. ఈ పని డాక్టరు చేసేదే. పూజారి చేసేది కాదు.

బాబాసాహెబ్ 'బుద్ధుడు-ఆయన ధమ్మం' పుస్తకంలో ఇంకో అడుగు ముందుకు వేశారు. గత జన్మ కర్మ ఈ జన్మను నిర్ణయిస్తుందన్న సిద్ధాంతం బుద్ధునిది కాదని వాదించారు. ఎందుకంత గట్టిగా వాదించారో మనకు తెలుసు. పేదవాడి పేదరికానికీ, అంటరానివాడి అంటరానితనానికీ వాళ్ళనే బాధ్యుల్ని చేసే సిద్ధాంతం అది. చేసినవాడిని వదిలేసి, పడినవాడిని దోషిగా నిలబెడుతుంది.

కాబట్టి షుగరు వచ్చినప్పుడు "నా ఖర్మ" అంటే నోరుజారి అన్న చిన్నమాట అనుకోకండి. ఊడదీసి పారేసిన సంకెలను మళ్ళీ మన చేత్తోనే తొడుక్కుంటున్నాం. పెద్దయ్య ముప్పై ఏళ్ళుగా వందన చేయిస్తున్నారు. అయినా కష్టం వచ్చిన రోజు నోటికి వచ్చింది పాత మాటే. ఆయన్ని తప్పుపట్టడానికి కాదు ఇది చెబుతున్నది. దీక్ష ఒక్కరోజులో తీసుకోవచ్చు. మాటలోంచి, మనసులోంచి పాతది పోవడానికి చాలాకాలం పడుతుంది.

అనిత్యం పేరుతో అలక్ష్యం

రెండో మాట అనిత్యం. ఇది మన ధమ్మంలోదే కాబట్టి ఇంకా జాగ్రత్తగా చూడాలి.

అంతా మారుతుంది, నిజమే. ఈ ఒళ్ళు ఎప్పటికైనా పోతుంది, అదీ నిజమే. అయితే అనిత్యం రెండు వైపులా పనిచేస్తుంది. మారనిదంటూ లేకపోతే నా రక్తంలో ఉన్న చక్కెర కూడా మారుతుంది. నూట అరవై ఉన్న బీపీ నూట ముప్పైకి దిగుతుంది. ఇరవై ఏళ్ళ పొగాకు అలవాటు కూడా పోతుంది. అన్నీ శాశ్వతమైతే వైద్యం అన్నదే ఉండదు. అనిత్యం ఉంది కాబట్టే బాగుపడే దారి ఉంది. ఒళ్ళు చూసుకోకుండా ఉండటానికి అనిత్యాన్ని సాకుగా తెచ్చుకుంటే, ఖర్మకు మరో పేరు పెట్టుకున్నట్టే అవుతుంది.

సిద్ధార్థుడు కూడా ఒంటిని లెక్కచేయని దారి నడిచి చూసినవాడే. ఆరేళ్ళు తిండి తగ్గించి, ఒంటిని కాల్చి, ఎముకల గూడైపోయాడు. చిక్కిన ఒంటితో సత్యం దొరకదని తెలుసుకుని సుజాత ఇచ్చిన పాయసం తిన్నాడు. బోధి ఆ తర్వాతి మాట. మధ్యేమార్గం మొదట అన్నం గిన్నె దగ్గరే మొదలైంది. ఒంటిని మోహంతో మేపడం ఒక చివర, ఒంటిని ఎండగట్టడం ఇంకో చివర. షుగరుందని తెలిసీ పెళ్ళి భోజనంలో నాలుగు లడ్డూలు తినడం మొదటిదైతే, మాత్రలు మానేసి అనిత్యం అనుకోవడం రెండోది. రెండూ మన దారి కాదు.

ఇక్కడే మనవాళ్ళు ఇంకో మాట అంటారు: "బాబాసాహెబ్ తన ఒంటిని చూసుకున్నారా? మన కోసం కరిగిపోయారు కదా!" ఈ మాటలో ప్రేమ ఉంది, కానీ పూర్తి నిజం లేదు. బాబాసాహెబ్‌కు చాలా ఏళ్ళు షుగరుంది. నరాల నొప్పులతో కాళ్ళు బాగా బాధపెట్టేవి. ఆయన దాన్ని దాచలేదు, వైద్యం చేయించుకున్నారు. వైద్యం సందర్భంలో పరిచయమైన డాక్టర్ శారదా కబీర్‌ను 1948 ఏప్రిల్ 15న పెళ్ళి చేసుకున్నారు. మనం మాయీసాహెబ్ అని పిలుచుకునే సవితా అంబేడ్కర్ ఆమే. తన ఆరోగ్యాన్ని దగ్గరుండి చూసుకునే మనిషి కావాలని ఆయన గుర్తించారు. 1951 ఆగస్టులో హిందూ కోడ్ బిల్లు తొందరగా చేపట్టమని ప్రధాని నెహ్రూకు రాసిన ఉత్తరంలో తన ఆరోగ్యం గురించి దాపరికం లేకుండా చెప్పారు. డాక్టర్లు ఆందోళన పడుతున్నారనీ, వాళ్ళ చేతుల్లోకి వెళ్ళేలోగా ఈ పని కావాలనీ రాశారు.

1956 అక్టోబర్ 14న నాగపూర్‌లో లక్షల మందికి దీక్ష ఇచ్చారు. ఆ తర్వాత రెండు నెలలు కూడా గడవకముందే, డిసెంబర్ 6న, 65 ఏళ్ళ వయసులో వెళ్ళిపోయారు. ఆయన రాసిన ధమ్మ గ్రంథం అచ్చుపుస్తకంగా ఆయన చేతికి రాలేదు. అది 1957లో వచ్చింది. ఇంకో పదేళ్ళు ఆయన ఉండి ఉంటే అని మనలో అనుకోనివాళ్ళు ఎవరు? ఆ ఒక్క ఆలోచన చాలు. మనకు ఇష్టమైనవాళ్ళ ఒళ్ళు మనకెంత విలువైనదో అది చెబుతుంది. మీ ఒళ్ళు కూడా మీ పిల్లలకు, మీ పేటకు, మీ విహారానికి అంతే విలువైనది. జబ్బును లెక్కచేయకుండా ఉండటం త్యాగం కాదు. బాబాసాహెబ్ త్యాగం పనిలో ఉంది, అలక్ష్యంలో లేదు.

నీ తప్పే అనే కొత్త ఖర్మ

మూడో మాట పెద్దమ్మ అన్నది. ఇది వినడానికి హేతువాదంలా ఉంటుంది. దేవుడు లేడు, ఖర్మ లేదు, కాబట్టి తప్పంతా నీదే. చదువుకున్న మన పిల్లలు అమ్మానాన్నలతో ఎక్కువగా ఈ మాటే అంటున్నారు. "నీకు చెప్పాను కదమ్మా, అన్నం తగ్గించమని! వినవు కదా!" అని.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. పాత ఖర్మ ఏం చేసేది? జబ్బుపడినవాడినే దోషిని చేసేది. "నీ తప్పే" అన్న మాట చేసేదీ అదే. గత జన్మ అన్నచోట గత సంవత్సరం అని పెట్టారు, అంతే తేడా.

ధమ్మం ప్రకారం ఏదీ ఒక్క కారణంతో పుట్టదు. ప్రతీత్య సముత్పాదం అంటే అదే. పెద్దయ్య కాలి పుండుకు కారణాలు లెక్కపెట్టి చూడండి. మాత్రలు మానేయడం ఒకటి. షుగరు వల్ల పాదాల్లో స్పర్శ పోతుందని పన్నెండేళ్ళలో ఒక్కరూ ఆయనకు అర్థమయ్యేలా చెప్పకపోవడం ఇంకొకటి. ఆసుపత్రికి వెళ్తే ఒకరోజు కూలి పోవడం, క్యూలో నిలబడితే కసురుకోవడం, చౌకగా కడుపు నిండేది బియ్యమే కావడం, అమ్మకూ షుగరుండటం. వీటన్నిటినీ "నీ తప్పే" అన్న ఒక్క మాట కింద కప్పెట్టేస్తాం.

వైద్యం దగ్గర కులం ఏం చేసిందో బాబాసాహెబ్ రాసి పెట్టారు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో కాఠియావాడ్‌కు చెందిన ఒక దళిత ఉపాధ్యాయుడి ఉత్తరాన్ని చేర్చారు. అది 1929 డిసెంబరులో యంగ్ ఇండియా పత్రికలో అచ్చయింది. ఆయన భార్య బిడ్డను కని జబ్బుపడింది. డాక్టరు వాడలోకి రానన్నాడు. ఆమెను బయటికి తెస్తే చూస్తానన్నాడు. థర్మామీటరును కూడా నేరుగా ఇవ్వలేదు, మధ్యలో ఇంకో మనిషి చేతికి ఇచ్చి ఇప్పించాడు. ఆమె చనిపోయింది. ఆ తల్లిని చంపింది జ్వరమొక్కటేనా? మన పెద్దవాళ్ళు చాలామందికి ఇప్పటికీ ఆసుపత్రి గుమ్మం ఎక్కాలంటే వెనకడుగు పడుతుంది. దాన్ని మొండితనం అని కొట్టిపారేయకండి. ఆ వెనకడుగుకూ ఒక చరిత్ర ఉంది.

అయితే మన చేతిలో ఏమీ లేదని కూడా నేను అనడం లేదు. తప్పు వేరు, బాధ్యత వేరు. తప్పు వెనక్కి చూసి వేలెత్తి చూపుతుంది. బాధ్యత ముందుకు చూసి, ఇప్పుడు నేను ఏం చేయగలను అని అడుగుతుంది. కారణాల్లో కొన్ని నా చేతిలో ఉన్నాయి, వాటిని నేను పట్టుకుంటాను. కొన్ని మన అందరి చేతిలో ఉన్నాయి, వాటిని కలిసి పట్టుకుందాం. కొన్ని సర్కారు చేతిలో ఉన్నాయి, వాటిని అడిగి తీసుకుందాం. మూడు జవాబులూ పక్కన పెట్టాక నాకు మిగిలింది ఇదే.

నా చేతిలో ఉన్నది

రోగి ఎలా ఉండాలో వినయపిటకంలోని మహావగ్గలో ఉంది. ఒంటికి మంచిది చేయాలి. మంచిదాంట్లో కూడా మితం తెలియాలి. మందు వేసుకోవాలి. తనను చూసుకునేవాళ్ళకు జబ్బు సంగతి ఉన్నదున్నట్టు చెప్పాలి. బాధను ఓర్చుకోవాలి. రెండున్నర వేల ఏళ్ళ కిందటి ఈ అయిదూ షుగరు రోగికి ఈరోజు చెప్పినట్టే ఉంటాయి.

మితంతో మొదలుపెడదాం. కోసల రాజు పసేనది కుంచాల కొద్దీ అన్నం తిని, ఆయాసపడుతూ బుద్ధుడి దగ్గరికి వచ్చేవాడట. బుద్ధుడు ఆయన్ని ఎగతాళి చేయలేదు, ఉపాసం ఉండమనలేదు. మితంగా తినేవాడికి బాధలు తగ్గుతాయని చిన్న గాథ చెప్పాడు. రాజు దాన్ని భోజనం వేళ రోజూ గుర్తుచేయమని ఒక కుర్రవాడిని పెట్టుకున్నాడు. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ వచ్చి ఒళ్ళు తేలికపడ్డాడు. ఇందులో రెండు సంగతులు చూడండి. ఒకటి, ఒక్కసారిగా కాదు, కొంచెం కొంచెంగా. రెండు, రాజుకు కూడా పక్కన గుర్తుచేసే మనిషి కావాల్సి వచ్చింది.

మన కంచం మాటకొస్తే, సగం కూరగాయలు, ఆకుకూరలు ఉండాలి. పావు వంతు పప్పు, గుడ్డు, చేప, మాంసం లాంటివి. మిగిలిన పావు వంతే అన్నం. రాగి సంకటి, జొన్నరొట్టె మంచివే. కానీ అవి షుగరు పెంచవనుకుని కడుపు నిండా తింటే అవీ పెంచుతాయి. బీపీ ఉంటే ఉప్పు రోజు మొత్తం మీద ఒక టీస్పూను దాటకూడదు. మనకు ఇష్టమైన ఎండుచేప, ఊరగాయ, అప్పడంలో ఉప్పు చాలా ఉంటుంది. మన తిండి తక్కువదనే మాటకు మనం ఎప్పుడూ తలవంచలేదు, ఇప్పుడూ వంచక్కర్లేదు. పెద్దకూర తిన్నా, చేపలు తిన్నా అందులో సిగ్గుపడేదేమీ లేదు. కొవ్వు తీసి, నూనె తగ్గించి, మితంగా తినండి. వద్దంటున్నది కొలత దాటడాన్నే.

ఇళ్ళలో అమ్మ ఆఖరున తింటుంది. మిగిలిన అన్నం పారేయలేక అదీ తనే తింటుంది. మాత్రలు అయిపోవస్తే, ఆయనకు ఉండాలి కదా అని తను మానేస్తుంది. అమ్మా, మీకే చెబుతున్నాను. కరుణ అందరి మీదా చూపమన్నప్పుడు ఆ అందరిలో మీరూ ఉన్నారు. మీ మాత్ర మీరే వేసుకోండి.

మాత్ర రోజూ వేళకు వేసుకోవాలి. షుగరు తగ్గిందంటే మాత్ర పనిచేస్తోందని అర్థం, ఇక అక్కర్లేదని కాదు. బీపీకి నొప్పి ఉండదు. తల తిరిగితేనే బీపీ అనుకోకండి, ఏమీ తెలియకుండానే గుండెనూ కిడ్నీలనూ మెదడునూ పాడుచేస్తుంది. మానాలన్నా మార్చాలన్నా డాక్టరును అడిగే చేయండి. షుగరు మాత్రలో ఇన్సులినో తీసుకునేవాళ్ళకు ఒక్కోసారి చెమటలు పట్టి, చేతులు వణికి, కళ్ళు తిరుగుతాయి. షుగరు 70 కన్నా పడిపోయిందని దానర్థం. వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగండి. పావుగంటకు తగ్గకపోతే మళ్ళీ తాగండి. కుదుటపడ్డాక ఏదైనా తినండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

పాదాలు రాత్రి పడుకునే ముందు చూసుకోండి, వేళ్ళ సందుల్లో కూడా. అడుగు కనబడకపోతే అద్దం పెట్టుకోండి, లేకపోతే మనవరాలిని చూడమనండి. ఒట్టి కాళ్ళతో పొలంలోకి, ఎండలోకి వెళ్ళకండి. తిమ్మిరికి వేడినీళ్ళలో కాళ్ళు పెట్టకండి, కాలినా తెలియదు. చిన్న పుండైనా సరే, మర్నాడే చూపించండి. మూడు నెలలకోసారి షుగరు పరీక్ష, ఏడాదికోసారి కళ్ళు, కిడ్నీల పరీక్ష చేయించుకోండి. మూతి ఒక పక్కకు లాగినా, ఒక చెయ్యి పడిపోయినా, మాట తడబడినా పక్షవాతం అనుకుని వెంటనే 108కి చెప్పండి. మొదటి నాలుగున్నర గంటల్లోపు పెద్దాసుపత్రికి చేరితే గడ్డను కరిగించే మందు ఇచ్చే వీలుంటుంది. ఆకుపసర్లతో, మంత్రాలతో ఆ గంటలు పోగొట్టుకోవద్దు.

నడక గురించి ఎక్కువ చెప్పను. వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట చాలు. కూలిపని చేసేవాళ్ళకు ఆ పనే నడక. కుర్చీ ఉద్యోగాలకు ఎక్కిన మన పిల్లలకే ఇది ఎక్కువ అవసరం.

మందు వేసుకోవడం ధమ్మమైతే, ఇంకో 'మందు' మానడం కూడా ధమ్మమే. పంచశీలలో అయిదోది, బాబాసాహెబ్ చేయించిన 22 ప్రతిజ్ఞల్లో ఒకటి, మద్యం తాగనన్నదే. షుగరు మాత్రల మీద తాగితే షుగరు ఉన్నట్టుండి పడిపోవచ్చు. బీపీ పెరుగుతుంది. తాగుతున్నవాళ్ళుంటే డాక్టరు దగ్గర దాచకండి. నాలుగో శీలం అబద్ధం చెప్పవద్దంటుంది కదా, అది డాక్టరు గదిలో కూడా వర్తిస్తుంది. మాత్రలు మానేశాననీ, ఎవరో ఇచ్చిన పొడి తింటున్నాననీ చెప్పేయండి. షుగరును శాశ్వతంగా పోగొడతామనే పొడులు అమ్మేవాళ్ళు వస్తే, ఎవరికి తగ్గింది, ఏ పరీక్షలో తేలింది అని అడగండి. పరీక్షించనిదే నమ్మవద్దనేది మన ధమ్మం.

చివరిది ఓర్పు. బుద్ధుడు రెండు బాణాల పోలిక చెప్పాడు. ఒంటికి తగిలేది మొదటి బాణం, దాని గురించి కుమిలిపోవడం రెండోది. షుగరు మొదటి బాణం. దాచిపెట్టడం, సిగ్గుపడటం, పిల్ల పెళ్ళికి అడ్డమొస్తుందని భయపడటం రెండోది. మొదటిదానికి మాత్ర ఉంది. రెండోదానికి మనుషులు కావాలి.

మన అందరి చేతిలో ఉన్నది

ఒక భిక్షువుకు విరేచనాలు పట్టుకుని, తన మలమూత్రాల్లోనే పడి ఉన్నాడు. ఆనందుడితో కలిసి అటు వచ్చిన బుద్ధుడు, నిన్ను చూసుకునేవారు లేరా అని అడిగాడు. లేరన్నాడు. ఎందుకని అడిగితే, నేను తోటి భిక్షువులకు ఏ పనీ చేసిపెట్టను, అందుకే వాళ్ళూ నన్ను చూడరని చెప్పాడు. బుద్ధుడు ఆనందుడి చేత నీళ్ళు తెప్పించి, తాను పోస్తుంటే ఆనందుడు కడిగాడు. ఒకరు తలవైపు, ఒకరు కాళ్ళవైపు పట్టి మంచం మీద పడుకోబెట్టారు. తర్వాత సంఘాన్ని పిలిచి, మీకిక్కడ తల్లీ తండ్రీ లేరు, ఒకరినొకరు చూసుకోకపోతే ఇంకెవరు చూస్తారని అడిగాడు. తనకు సేవ చేయదలచినవాళ్ళు రోగికి సేవ చేయండని చెప్పాడు. బాబాసాహెబ్ తన గ్రంథంలో బుద్ధుడి మానవత్వం గురించి చెబుతూ ఈ సంఘటనను చేర్చారు.

ఆ భిక్షువును ఎందుకు వదిలేశారో మరొక్కసారి చూడండి. మనకు పనికిరాలేదు కాబట్టి, అంటే అతని తప్పే కాబట్టి. పెద్దమ్మ మాట లాంటిదే ఆ లెక్క. బుద్ధుడు ఆ లెక్కను ఒప్పుకోలేదు. రోగి మంచివాడా, చెప్పిన మాట విన్నాడా అని చూడకుండా ముందు నీళ్ళు తెమ్మన్నాడు.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలు ఉన్నాయి. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ ఆయన చెప్పిన మాట అక్కడ చెక్కి ఉంది. పాలించేవాడు ప్రజల వైద్యం చూడాలన్నది మన నేల మీద రెండు వేల రెండు వందల ఏళ్ళకు పైగా ఉన్న మాట. కాబట్టి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇచ్చే షుగరు, బీపీ మాత్రలు దానం కాదు, మన హక్కు. అవి లేవంటే ఒక్కరే వెళ్ళి వెనక్కి రాకండి, పదిమంది వెళ్ళి అడగండి.

విహారాల్లో మనం చేయగలిగినవి పెద్ద ఖర్చు పనులు కావు. ఒక బీపీ మిషను, ఒక షుగరు మిషను కొనండి. పౌర్ణమి వందన అయ్యాక వరసగా చూసి నోటుపుస్తకంలో రాయండి. ఏఎన్ఎంను గానీ, ఆశా వర్కరును గానీ నెలకోసారి పిలవండి. ఆసుపత్రికి వెళ్ళే పెద్దవాళ్ళ వెంట చదువుకున్న పిల్ల ఒకరు వెళ్ళేలా వంతులు వేసుకోండి. ఆ పిల్ల పక్కనుంటే కసురు తగ్గుతుంది, డాక్టరు చెప్పింది గుర్తుంటుంది. జయంతికి, వర్ధంతికి పెట్టే భోజనాల్లో షుగరున్నవాళ్ళూ తినగలిగేది ఒకటైనా ఉండనివ్వండి. ఎవరైనా రెండు వారాలు వందనకు రాకపోతే, ఎందుకు రాలేదని నిలదీయకుండా, ఒంట్లో ఎలా ఉందని ఇంటికి వెళ్ళి అడగండి.

మా పెద్దయ్య ఇప్పుడు మాత్రలు వేసుకుంటున్నారు. వేళ్ళు తిరిగి రావు, కానీ కాలు నిలిచింది. సాయంత్రం పక్కింటి కుర్రవాడు ఆయన పాదాలు టార్చి వేసి చూస్తాడు. మొదట్లో ఆయనకు సిగ్గేసింది. "నా కాళ్ళు నువ్వు పట్టుకోవడమేంట్రా" అన్నారు. పోయిన ఆదివారం పంచశీల అయ్యాక ఆయనే అందరితో, "ఎవరికైనా షుగరుంటే చెప్పులు విప్పి పాదాలు చూసుకోండి" అన్నారు. కొందరు నవ్వారు. ముగ్గురు చూసుకున్నారు. అందులో ఒకావిడ మడమకు పగులు ఉంది, అది ఆవిడకే తెలియదు. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. తోడు వెళ్ళింది మా పెద్దమ్మే.

ఒళ్ళు చూసుకోవడం స్వార్థమా అని మొదట అడిగాను. నా ఒక్కడి కోసమే చూసుకుంటే ఎవరైనా స్వార్థం అనవచ్చు. కానీ నా ఒళ్ళు బాగుంటేనే ఇంకొకరి పాదం పట్టుకుని చూడగలను. ఈ పుస్తకం మూసి మీ మాత్ర వేసుకున్నారో లేదో చూసుకోండి. తర్వాత పక్కింటివాళ్ళను కూడా అడగండి.

నమో బుద్ధాయ. జై భీమ్.